కలరిజం: వర్ణవివక్ష అంటే సరిపోతుందా?

ప్రశ్న: అమెరికా నల్లజాతి చరిత్ర మీద ఒక వ్యాసం తెనిగిస్తున్నాను. 'కలరిజం'ని వర్ణవివక్ష అనొచ్చా? పేపర్ బ్యాగ్ టెస్ట్, రెడ్‌బోన్, పాసింగ్ అనే మాటలూ తగులుతున్నాయి.

జవాబు: వద్దండీ. వర్ణవివక్ష అనగానే మనకు దక్షిణాఫ్రికా, మండేలా గుర్తొస్తారు. ఇక్కడి సంగతి వేరు. కలరిజం అన్న మాటను 1982లో అమెరికా నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ తన వ్యాసంలో నిర్వచించారు: ఒకే జాతివాళ్లను కేవలం ఒంటిరంగును బట్టి ఎక్కువ తక్కువలుగా చూడటం. అలాగని 'నల్లవారిపై నల్లవారి వివక్ష' అని రాస్తే అదీ తప్పే. జాతి ఒకటి కావలసింది ఆ చూపుకు గురయ్యేవాళ్లది. చూసేవాడు తెల్లవాడైనా కావచ్చు. 'మేనిఛాయ వివక్ష' అనండి, మొదటిసారి వచ్చినచోట పక్కనే కలరిజం అని ఇవ్వండి.

మరొకరు: చట్టం భాషలో ఇంకా జాగ్రత్త కావాలి. 1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగ వివక్షను నిషేధిస్తూ జాతి, రంగు అని రెండు మాటలు విడివిడిగా చెప్పింది. తెలుగులో రెంటినీ కలిపి 'వర్ణం' అనేస్తే అసలు విషయమే పోతుంది. జార్జియాలోని ఫెడరల్ కోర్టు 1989లో, ఇద్దరూ నల్లజాతివారే అయినా రంగు వివక్ష కేసు నడుస్తుందన్నది ఆ రెండో మాటను పట్టుకునే. అక్కడ ఫిర్యాదు చేసింది లేతఛాయ ఉద్యోగిని, ఆరోపణ ముదురు ఛాయ పైఅధికారి మీద!

ఇంకొకరు: పేపర్ బ్యాగ్‌ను 'గోధుమరంగు సంచి' అనకండి. గోధుమ ఛాయ అంటే మనకు తెల్లనికి దగ్గర. పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ షీటు రంగు అంటే సరిగ్గా అందుతుంది. ఒంటిరంగు ఆ సంచి కన్నా ముదురైతే నల్లజాతివారి కొన్ని క్లబ్బుల్లోకి, విందుల్లోకి రానిచ్చేవారు కాదని చెబుతారు. ఇది ఎక్కువగా జ్ఞాపకాల్లో నిలిచిన సంగతి, కనుక 'నిబంధన' అని రాయొద్దు. లేతఛాయ ఉన్న నల్లజాతివారిని పిలిచే రెడ్‌బోన్‌కు మాత్రం మన భాషలో చుట్టంలాంటి మాట ఉంది: 'ఎర్రగా బుర్రగా' అనేటప్పుడు ఎరుపంటే లేతఛాయే కదా. అయినా మన మాటలో ఉన్నది మెచ్చుకోలే. రెడ్‌బోన్‌లో ఒక్కోసారి ఎత్తిపొడుపూ ఉంటుంది, అందుకని తెలుగు చేయకుండా అలాగే ఉంచి వివరించడం మేలు.

ప్రశ్న వేసినవారు: పాసింగ్?

పేపర్ బ్యాగ్ గురించి చెప్పినవారు: లేతఛాయ ఉన్న నల్లజాతివారు 'తెల్లవారిగా చెలామణి కావడం'. చెలామణిలో దొంగనాణెం వాసన కొంచెం ఉంది, ఇక్కడ అది పనికొస్తుంది. మారువేషం అనొద్దు, వేషమేమీ మారదు. పుట్టిన ఊరూ చుట్టాలూ దూరమవుతారు.

మొదటి జవాబు రాసినవారు: ఒకటి మిగిలింది. 1890 అమెరికా జనగణనలో ములాటో (తెల్ల, నల్ల మిశ్రమ సంతతి), క్వాడ్రూన్, ఆక్టరూన్ అని విడివిడి వర్గాలున్నాయి. చివరి రెండూ నల్లరక్తం నాలుగో వంతు, ఎనిమిదో వంతు అనే లెక్కలు, ఛాయల పేర్లు కావు. వాటికి 'చామనఛాయ' వాడితే అర్థం తారుమారవుతుంది.