నల్లజాతి మహిళా వ్యాపారులకే గ్రాంటు ఇవ్వడం న్యాయమా, వివక్షా?

శారద (అట్లాంటా):
మా ఊళ్లో ఫియర్‌లెస్ ఫండ్ అనే పెట్టుబడి సంస్థను నల్లజాతి మహిళలే స్థాపించి నడుపుతున్నారు. యాజమాన్యంలో కనీసం 51 శాతం నల్లజాతి మహిళలదైన చిన్న వ్యాపారాలకు పోటీ పెట్టి, గెలిచినవారికి 20,000 డాలర్ల చొప్పున గ్రాంటు ఇచ్చేవారు. ఇది జాతి వివక్ష అంటూ, జాతిని బట్టి ప్రాధాన్యం ఇవ్వడాన్ని వ్యతిరేకించే ఎడ్వర్డ్ బ్లమ్ నాయకత్వంలోని సంఘం 2023 ఆగస్టులో దావా వేసింది. 2024 జూన్‌లో అప్పీళ్ల కోర్టు ధర్మాసనంలోని ముగ్గురిలో ఇద్దరు ఆ వాదనను సమర్థించి పోటీని నిలిపివేశారు. సెప్టెంబరులో రాజీ కుదిరి ఆ పోటీ పూర్తిగా మూతపడింది. నేను చిన్న దుకాణాలకు లెక్కలు చూస్తాను. నా దగ్గరికి వచ్చేవారిలో జడలు అల్లే సెలూన్లు, ఇంట్లోనే పసిపిల్లలను చూసుకునే కేంద్రాలు నడిపే నల్లజాతి స్త్రీలు ఎక్కువ. ఆ తీర్పు వారికి అన్యాయం చేసిందని నా అభిప్రాయం. మన తెలుగువారిలో చాలామంది దానిని మెచ్చుకోవడం చూశాక ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పెన్నాతీరం (డాలస్):
శారద గారూ, తీర్పు సరైనదే. తెల్లవారికి మాత్రమే గ్రాంటు ఇస్తామని ఎవరైనా ప్రకటిస్తే మీరు ఊరుకుంటారా? నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టింగ్ సంస్థ నడుపుతున్నాను. మొదట్లో అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళితే గ్రీన్ కార్డు లేదని గుమ్మంలోంచే తిప్పి పంపారు. నాకు ఎవరూ గ్రాంటు ఇవ్వలేదు, నేను అడగనూ లేదు. వ్యాపారాన్ని నిలబెట్టేవి పనితనం, మాట మీద నిలబడడం. ఒంటి రంగుకు అక్కడ చోటుండకూడదు.

భాస్కర్ (మిషిగన్):
పెన్నాతీరం గారి మాటే నా మాట. చట్టం అందరికీ ఒక్కటే కావాలి.

శారద (అట్లాంటా):
ఏ చట్టం కింద ఆ దావా వేశారో కూడా చూడండి. అది 1866 నాటి పౌరహక్కుల చట్టం. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడినవారికి, ఒప్పందాలు చేసుకోవడంలో తెల్ల పౌరులకున్న హక్కే ఉండాలని చేసిన చట్టం అది. వారి రక్షణకు పుట్టిన చట్టాన్ని వారి మనుమరాళ్ల మీదికే తిప్పారు. అమెరికాలో కొత్త సంస్థలకు అందే వెంచర్ పెట్టుబడిలో నల్లజాతి మహిళల సంస్థలకు అందేది ఒక శాతం కన్నా తక్కువ. ఆ కొంచెం దగ్గర కూడా సమానత్వం గుర్తుకొచ్చిందంటే నాకు బాధగా ఉంది.

పెన్నాతీరం (డాలస్):
చట్టం ఎవరి కోసం పుట్టిందనేది చరిత్ర, అందులో ఏం రాశారనేది న్యాయం. ఆ చట్టం ఒప్పందాలకు సంబంధించింది కాబట్టి అసలు ప్రశ్న ఒక్కటే: ఆ గ్రాంటు దానమా, ఒప్పందమా? పోటీ నిబంధనల్లోనే తొలుత అది ఒప్పందమని రాశారు. గెలిచినవారి పేరును, బొమ్మను ప్రచారానికి వాడుకునే హక్కు సంస్థకు ఇవ్వాలన్నారు. ఒకటి ఇచ్చి ఒకటి పుచ్చుకుంటే అది ఒప్పందమే. దీనికి జవాబు చెప్పండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

శారద (అట్లాంటా):
నిబంధనల్లో ఒక మాట దొర్లినంత మాత్రాన సహాయం సహాయం కాకుండా పోదు. మీ టెక్సస్ సంగతే తీసుకోండి. డాలస్‌లో ఐసిస్ బ్రాంట్లీ అనే ఆవిడను లైసెన్సు లేకుండా జడలు అల్లినందుకు 1997లో అరెస్టు చేశారు. ఆ తర్వాత ఆవిడ ఆ విద్య నేర్పే బడి పెడతానంటే, క్షౌరవిద్యా కళాశాలకు ఉండాల్సినంత స్థలం, కుర్చీలు, తల కడిగే సింకులు అన్నీ అమర్చాలన్నారు. జడ అల్లడానికి సింకుతో పనేముంది? 2015లో ఫెడరల్ కోర్టు ఆ నిబంధనలను కొట్టేశాక, అదే ఏడాది శాసనసభ జడలు అల్లేవారికి లైసెన్సే అక్కర్లేదంది. అరెస్టుకూ దానికీ మధ్య పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆ కాలమంతా ఆవిడలాంటివారు పోగొట్టుకున్న సంపాదన ఏ లెక్కలో వేయాలి?

పెన్నాతీరం (డాలస్):
అడ్డంకులు తీసేయాలని ఆ కథ చెబుతోంది, నేనూ అదే అంటున్నాను. గ్రాంటు ఇవ్వాలని అది చెప్పడం లేదు. నా ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.

సుబ్బలక్ష్మి (రిచ్‌మండ్):
మా ఊరి చరిత్ర ఒకటి చెబుతాను. బట్టలుతికి బతికిన తల్లికి పుట్టిన మ్యాగీ లీనా వాకర్ 1903లో ఇక్కడ సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంకు తెరిచారు. అమెరికాలో బ్యాంకు స్థాపించిన తొలి నల్లజాతి మహిళ ఆవిడే. విముక్తుల కోసం 1865లో పెట్టిన ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు 1874లో కూలి, ఎందరి కష్టార్జితమో మునిగిపోయిన తర్వాత, చాకలి పని చేసే స్త్రీల చేత మళ్లీ సెంటు సెంటు దాచిపెట్టించడం సామాన్యం కాదు. 1905లో ఆవిడ నడిపే పరస్పర సహాయ సంఘం ఒక పెద్ద దుకాణం పెడితే, తెల్ల వర్తకులు ఏకమై టోకు వ్యాపారుల మీద ఒత్తిడి తెచ్చారు. కొన్నేళ్లకే అది మూతపడింది. పనితనం లేక మూతపడలేదు నాయనా.

తలనీలాల వ్యాపారి (చెన్నై):
నేను ఈ వ్యాపారంలో ఉన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. తిరుమలలో భక్తులు సమర్పించిన తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. మాలాంటివాళ్లం కొని, చిక్కు తీసి, శుభ్రం చేసి, పొడవును బట్టి కట్టలు కట్టి విదేశాలకు పంపుతాం. అమెరికాలో ఆ జుట్టు చివరికి చేరేది ఎక్కువగా నల్లజాతి స్త్రీల దగ్గరికే. కానీ అక్కడ జుట్టు సామగ్రి దుకాణాలు చాలావరకు కొరియా మూలాలున్న కుటుంబాలవి. పెద్ద దుకాణానికి మేము అరవై రోజుల అరువు ఇస్తాం. చిన్న సెలూన్ నడిపే స్త్రీ నేరుగా కొంటానంటే డబ్బు ముందే కట్టమంటాం. ఆవిడ కట్టిన డబ్బుతో మేము కొన్న సరుకే పెద్ద దుకాణంవారు అరువు మీద తెచ్చుకుని ఆవిడ పక్క వీధిలో అమ్ముతారు. మాకు డబ్బు ఎగవేసింది మాత్రం ఒక పెద్ద దుకాణమే.

భాస్కర్ (మిషిగన్):
మరి మీరే వారికి అరువు ఇవ్వొచ్చు కదా?

తలనీలాల వ్యాపారి (చెన్నై):
పూచీ ఉండేవారెవరు? మా వాళ్లందరూ అడిగేది అదే.

పెన్నాతీరం (డాలస్):
నాకూ అరువు ఎవరూ ఇవ్వలేదు. మా బావగారు, ఇద్దరు బాబాయిలు తలా కొంత సర్దితే తొలి జీతాలు ఇచ్చాను.

శారద (అట్లాంటా):
పెన్నాతీరం గారూ, అదే కదా నేను చెప్పేది! మీకు సర్దడానికి బావగారున్నారు. 1930లలో ప్రభుత్వ సంస్థలే నల్లజాతి వాడల చుట్టూ ఎర్రగీతలు గీసి ఇంటి అప్పులు అందకుండా చేస్తే, తాకట్టు పెట్టడానికి ఇల్లు లేని కుటుంబంలో ఎవరు ఎవరికి సర్దగలరు? నా ఖాతాదారు ఒకావిడతో నేనే ఒక బ్యాంకుకు వెళ్లాను. మూడేళ్ల పన్ను పత్రాలు వరుసగా పేర్చి, ట్యాగులు వేసి తీసుకెళ్లాం. ఎదురుగా కూర్చున్న అధికారి ఆ ఫైలు విప్పకుండానే, ఉంటున్న ఇల్లు సొంతమా అద్దెదా అని అడిగారు. అద్దెది అనగానే ఫైలును రెండు వేళ్లతో మా వైపు జరిపారు. ఇంకొక మాట కూడా అడుగుతున్నాను. 1982 నుంచి భారత సంతతివారిని కూడా, చిన్న వ్యాపారాలకు తోడ్పడే ఫెడరల్ సంస్థ ఎస్‌బీఏ సామాజికంగా వెనుకబడినవారిగా లెక్కించింది. అలాంటివారి సంస్థలకు ప్రభుత్వ కాంట్రాక్టులు కేటాయించే 8(ఎ) పథకం కింద లాభపడిన తెలుగు సంస్థలు లేవా? అందులో మీది లేదా?

పెన్నాతీరం (డాలస్):
ఉంది. దాచుకోవాల్సిన పని నాకు లేదు. చట్టం ఇచ్చింది, తీసుకున్నాను. ఇంటి అప్పు నెత్తిన పెట్టుకుని, రాత్రింబవళ్లు పనిచేసి నిలబెట్టిన సంస్థను ఒక ధ్రువపత్రానికి కుదించే హక్కు మీకెవరిచ్చారమ్మా? లెక్కలు రాసినంత సులువు కాదు జీతాలివ్వడం.

శారద (అట్లాంటా):
లెక్కలు రాసేవాళ్లకే తెలుస్తుంది, ఎవరు ఏ నిచ్చెన ఎక్కి పైకొచ్చి దానిని లాగేశారో.

నిర్వాహకులు:
ఇద్దరూ వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. లేకుంటే చర్చను మూసేస్తాం.

పెన్నాతీరం (డాలస్):
సరే, అసలు సంగతి చెబుతాను. 2023 జూలైలో టెనెసీలోని ఫెడరల్ కోర్టు, ఆ 8(ఎ) పథకంలో ఫలానా జాతివారు వెనుకబడినవారే అని ముందుగా అనుకోవడం చెల్లదంది. దానితో ఎస్‌బీఏ వారు మాలాంటివారందరినీ, మీకు జరిగిన అన్యాయాన్ని స్వయంగా రాసి పంపండి అన్నారు. ఒకరాత్రి కూర్చుని నా ఉచ్చారణను ఎవరు ఎగతాళి చేశారో, ఏ సమావేశంలో నన్ను పక్కన పెట్టారో వరుసగా రాశాను. మా అమ్మాయి అది చదివి, ఇదంతా నిజమా నాన్నా అంది. నిజమే. కానీ నా జీవితమంతా ఆ కాగితంలో బాధితుడి కథగా మిగిలింది. బాధితుణ్ణని రుజువు చేసుకుంటేనే దొరికే సహాయం ఎవరికీ మంచిది కాదు, ఆ స్త్రీలకు కూడా. నా వ్యతిరేకత దాని మీద.

శారద (అట్లాంటా):
ఈ మాట మొదటే చెప్పి ఉంటే చర్చ ఇంత దూరం వచ్చేది కాదు. మీతో ఆ కథ రాయించుకున్నది ప్రభుత్వం. ఫియర్‌లెస్ ఫండ్ పోటీలో వారు చూసింది వ్యాపారాన్ని. నల్లజాతి స్త్రీ ఇంకొక నల్లజాతి స్త్రీని, నువ్వు ఎంత నలిగిపోయావో రాయమని అడగనక్కర్లేదు, ఆవిడకు తెలుసు. మ్యాగీ వాకర్ కూడా ఎవరినీ అడగలేదు. అలాంటి చోటును మూయించి, ప్రభుత్వం దగ్గర బాధలు ఏకరువు పెట్టే దారి ఒక్కటే మిగిల్చారని నా ఆవేదన.

పెన్నాతీరం (డాలస్):
మ్యాగీ వాకర్ తన వాళ్ల సొమ్ముతో నడిపారు. ఇక్కడ గ్రాంటు సొమ్ము మాస్టర్‌కార్డ్ లాంటి కంపెనీలది. ఆ తేడా మీరు దాటేస్తున్నారు. తీర్పు సరైనదనే ఇప్పటికీ అంటాను.

సుబ్బలక్ష్మి (రిచ్‌మండ్):
సొమ్ము ఎవరిదైతేనేం నాయనా, ఇచ్చేవారు ఇష్టపడి ఇస్తుంటే కోర్టుకెందుకు? 1988లో చట్టం మారేవరకు, కొన్ని రాష్ట్రాల్లో వ్యాపారానికి అప్పు కావాలంటే ఆడదానికి మగవాడి సంతకం కావాలనేవారు. అప్పుడు ఎవరు దావా వేశారు?

తలనీలాల వ్యాపారి (చెన్నై):
శారద గారూ, బ్యాంకువారు ఫైలు తిప్పి పంపినావిడ మా దగ్గర జుట్టు కొంటారా? ఎవరైనా పూచీ ఉంటే ముప్పై రోజుల అరువుకు నేను సిద్ధం.

పెన్నాతీరం (డాలస్):
నేనుంటాను. అయితే లెక్కలు చూశాకే, రంగు చూసి కాదు.

శారద (అట్లాంటా):
లెక్కలు ఈ రాత్రికే పంపుతాను. వాటిని ఎవరో ఒకరు విప్పి చూడాలనే కదా ఆవిడ అడిగింది.