చెరువు తాగే భూతం: పిల్లలు నవ్వుతున్నారు, అర్థం మాత్రం చేరడం లేదు

విజయనగరంలో మా వీధివాళ్లం 14 మందిమి కలిసి 40 నిమిషాల పిల్లల నాటకం వేస్తున్నాం. రోజుకు ఒక్క గుక్కే తాగుతానని ఊరికి మాటిచ్చి చెరువులోకి దిగిన భూతం కథ. భూతమంటే చెరువు కబ్జా, గుక్కంటే చెరువును పూడ్చే ఒక లారీ మట్టి. మేం అనుకున్నదైతే అదీ.

మా ఊరి చెరువు అయ్యకోనేరు గట్టు దగ్గర రెండు ట్రయల్ షోలు వేశాం. మొదటిసారి కథకుడు జముకు (జానపద కథల్లో వాడే వాద్యం) వాయిస్తూ చివర్లో అర్థం విప్పి చెప్పాడు. రెండు నిమిషాలు కాకుండానే పిల్లలు చెప్పులు వెతుక్కున్నారు. రెండోసారి ఆ ముక్క తీసేశాం. భూతం గుక్క వేసినప్పుడల్లా చెరువుగా పరిచిన నీలం చీరను ఒక మడత లోపలికి లాగాం. అది బాగా పండింది, ఒకటే కేరింతలు. తర్వాత అడిగితే "పాపం, భూతానికి దాహం" అన్నారు! గుక్కకో తట్ట మట్టి కూడా పెట్టి చూశాం. సెట్ సర్దుతున్నారనుకున్నారు (మా కుర్రాడు గళ్ల లుంగీతోనే వచ్చి పెట్టాడులెండి).

చూసేది 8 నుంచి 12 ఏళ్ల పిల్లలు. మైకులు రెండే. భూతాన్ని కోరలతో దుర్మార్గుడిగా చూపించడం నాకిష్టం లేదు, మోసమంతా ఆ తియ్యటి మాటలోనే ఉంది.

కథకుడితో చెప్పించకుండా, అది తమ ఊరి చెరువేనని పిల్లలకు తట్టాలంటే చివరి 5 నిమిషాల్లో ఏం మార్చాలి?