సువార్త చెప్పిన రాత్రే చేతులెత్తమని పిలువాల్నా, ఆగాల్నా?

హన్మకొండ యూత్:
అందరికీ వందనాలు. పత్తి ఏరుడు అయిపోయినంక నర్సంపేట దిక్కు ఒక ఊర్లె మూడు రాత్రులు సువార్త సభలు పెట్టినం. నాకు అప్పజెప్పిన పని నోటుబుక్కు. ఆఖరి రాత్రి వాక్యం అయిపోంగనే లైట్లు తగ్గించిన్రు. కీబోర్డు మెల్లగ వాయిస్తున్నరు. మా పాస్టర్ అయ్యగారు "కండ్లు మూసుకోండ్రి, యేసయ్యను అంగీకరించేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నరు. 41 పేర్లు రాసుకున్న. వ్యాన్‌ల వాపసు వచ్చేటప్పుడు మా అందరి కండ్లల్ల నీళ్లే, సంతోషంతోటి.

రెండు వారాలకు ఆ బుక్కు పట్టుకొని ఇల్లిల్లు తిరిగినం. ఒక పెద్దమ్మ అరుగు మీద కూసోబెట్టి చాయ్ ఇచ్చింది. "దీవెన కావాల్నంటే చెయ్యెత్తుమన్నరు గద బిడ్డా, ఎత్తిన. సమ్మక్కకు సుత మొక్కిన. మనుమనికి జరం తగ్గింది, గంతే చాలు" అన్నది. ఇంకో తమ్ముడు నా చేతుల బుక్కు చూసి ముఖం మాడ్చుకున్నడు. తన పేరు కొట్టెయ్యమన్నడు. నా ముంగటనే కొట్టేయించిండు. మళ్ల కూడికకు వస్తమన్నది ఐదుగురు.

సువార్త చెప్పి ఊకుండాలని నేను అంటలేను. పిలువాలె. కానీ గట్లనా?

కాజీపేట రిటైర్డ్ రైల్వే:
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ పిలవడం మానేస్తే మనం చేసేది ఉపన్యాసమే. పెంతెకొస్తు పండుగ రోజున యేసు శిష్యుడు పేతురు చెప్పాల్సింది చెప్పి ఇంటికి పోలేదు. మారుమనస్సు పొంది బాప్తిస్మం తీసుకోమన్నాడు, ఆ రోజే మూడు వేల మంది చేరారు. ఫిలిప్పీ ఊళ్లో చెరసాల నాయకుడికైతే అపొస్తలుడు పౌలు తెల్లారేదాకా కూడా ఆగలేదు, ఆ రాత్రే బాప్తిస్మం ఇచ్చాడు. ఆగినవాడు రోమా అధిపతి ఫేలిక్సు. పౌలు మాటలు వింటుంటే అతనికి భయమేసింది, వీలున్నప్పుడు పిలిపిస్తానన్నాడు. తర్వాత చాలాసార్లు పిలిపించాడు కూడా, లంచం దొరుకుతుందేమోనని. ఆ మొదటి భయం మాత్రం మళ్లీ ఎక్కడా కనిపించదు.

నా సంగతి చెప్తా. లోకో షెడ్డులో పని, జీతం వచ్చిన రోజే సగం తాగేవాణ్ని. 1987లో ఒక సభలో అందరికంటే వెనక, గోడకు ఆనుకుని నిలబడ్డాను. ముందుకు రమ్మన్నారు. కాళ్లు వణుకుతుంటే పోయాను. ఎవరూ పిలవకపోయుంటే ఆ రాత్రి కూడా కల్లు దుకాణానికే పోయేవాణ్ని. నా భార్య ఇప్పటికీ ఆ తారీఖు మరిచిపోదు.

డోర్నకల్ టీచరమ్మ:
అన్నగారూ, మీ సాక్ష్యాన్ని కాదనను. కానీ పెంతెకొస్తు దినాన "మేమేం చేయాలి" అని అడిగింది విన్నవాళ్లు. గుండెలో పొడుచుకుంది కాబట్టి అడిగారు. వేదిక ముందుకు రమ్మని పిలిచే ఈ పద్ధతి అపొస్తలులది కాదు. 1830 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ ఫిన్నీ అనే ప్రసంగీకుడి సభలతో బాగా వ్యాపించింది. పద్ధతి కొత్తదైనంత మాత్రాన తప్పని చెప్పను, అదే సువార్త అనుకోవద్దని మాత్రం అంటాను.

మన ఊళ్ల చరిత్ర వేరుగా నడిచింది. 1912లో వి.ఎస్. అజరయ్య గారు డోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆయన కాలంలో మాల, మాదిగ వాడల్లో ఒక్కొక్కరుగా కాదు, కుటుంబాలకు కుటుంబాలు, ఒక్కోచోట వాడంతా కలిసి నిర్ణయం తీసుకునేవారు. ముందు ఉపదేశి వచ్చి ఊళ్లో ఉండేవాడు. ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నేర్పేవాడు. బాప్తిస్మం ఆ తర్వాత. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తల మీద చేయి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే అయ్యో, నాకు శ్రమ అనే పౌలు మాట పలికించేవారు. అంటే జవాబిచ్చినవాడు ఆ రోజు నుంచే చెప్పేవాడవుతాడు. మా తాతమ్మ అలా పలికిన మనిషే. చదువు రాదు, కానీ ఆ మాటను చివరిదాకా మోసింది.

ఇంకొకటి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ జనానికి కాలువ తవ్వే పని ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వందల మంది అడిగినా, కూటి కోసం వచ్చారన్న అనుమానం ఉండకూడదని ఆపేశాడు. సహాయం పంచడం ముగిశాకే మళ్లీ మొదలుపెట్టాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది. ఆపినందుకు జనం పోలేదు.

పరకాల వాసి:
నేను హిందువును. మర్యాదగానే రాస్తున్నా, మర్యాదగానే తీసుకోండి. మా అమ్మ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నప్పుడు ఇద్దరు వచ్చి ప్రార్థన చేశారు. దానికి వాళ్లకు దండం పెట్టాను. తర్వాత అమ్మ చేయి పట్టుకుని "ఒప్పుకుంటావా, ఇప్పుడే చెప్పు" అన్నారు. ఆ స్థితిలో మనిషి దేనికైనా తల ఊపుతుంది. అమ్మ కోలుకుంది, నాకు ఆ కోపం పోలేదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసే హక్కు ఇచ్చింది, నేను ఒప్పుకుంటా. కానీ అవతలి మనిషిని మార్చే హక్కు అందులో లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ మాట వింటాను. జవాబు నా టైముకు ఇస్తాను.

డోర్నకల్ టీచరమ్మ:
అన్నా, అలా అడిగింది తప్పు. మా వాళ్లు చేసిందే, అందుకే మీకు క్షమాపణ చెప్తున్నా.

వరంగల్ లా విద్యార్థి:
పేరు కొట్టెయ్యమన్న ఆ తమ్ముని గురించి ఎవలూ మాట్లాడలె. నేను మాదిగ ఇంటోన్ని, నాకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతాలోళ్లకే. బాప్తిస్మం తీసుకొని క్రైస్తవుడని రాయించుకుంటే మన దగ్గర బీసీ-సీ అయితడు. ఆ గ్రూపు రిజర్వేషన్ 1 శాతం. ఎస్సీలది 15 శాతం. చీకట్ల చెయ్యెత్తుడు అల్కగ ఉంటది. నోటుబుక్కుల పేరంటే హాస్టల్ సీటు, ఫీజు వాపసు, నౌకరి, అన్ని కండ్ల ముంగట తిరుగుతయి. ఈ చట్టం అన్యాయమని నా అభిప్రాయం, అది వేరే చర్చ. కానీ గోపురం కట్టేటోడు ముందుగాల కూసోని ఖర్చు లెక్కేసుకోవాలని యేసయ్యే చెప్పిండు గద. మూడు రాత్రుల సభల ఆ లెక్క ఎవలన్న చెప్పిన్రా?

కాజీపేట రిటైర్డ్ రైల్వే:
చెప్పలేదు తమ్మి. 1987లో నాకు కూడా ఎవరూ చెప్పలేదు. ముందుకు పోయిన నాతో ఆ రాత్రి ప్రార్థన చేసిన అన్న మాత్రం ఆ తర్వాత ఏడాది పాటు ప్రతి గురువారం డ్యూటీ దిగాక మా క్వార్టర్‌కు వచ్చేవాడు. ఇప్పుడు ఆలోచిస్తే నన్ను నిలబెట్టింది ఆ గురువారాలు. అయినా పిలవడం మానమంటే నేను ఒప్పుకోను. రేపు ఎవరిదో ఎవరికి తెలుసు?

హన్మకొండ యూత్:
అంకుల్, మానం. వచ్చే నెల అదే ఊర్లె మళ్ల పెడుతున్నం. మా అయ్యగారితోటి మాట్లాడిన. లైట్లు తీసేది లేదు, కీబోర్డు ఆపేస్తం, పేర్లు రాసేది లేదు. రోగుల దగ్గర ప్రార్థన చేస్తం, ప్రశ్న అడగం. పిలుపు ఉంటది, కానీ రావాలనుకున్నోళ్లు తెల్లారి పొద్దుగాల బడి కాడి చింతచెట్టు కిందికి రావాలె. మేం నలుగురం వారం దినాలు ఆడనే ఉంటం. అయ్యగారు సగమే ఒప్పుకున్నరు. రాత్రి కూడ ఒక్కసారన్న చేతులెత్తమంటనన్నరు. ఇంక మాట్లాడాలె.

పెద్దమ్మ ఇంటికైతే నేను పోతున్న. పోయినసారి ఆమె మాట నేను పూర్తిగ వినలె.

కాజీపేట రిటైర్డ్ రైల్వే:
వారం రోజులంటే నేనూ వస్తా. ఎన్నింటికి బయల్దేరుతున్నారు?