సమస్యాపూరణం: అతిథి వండంగ గృహపతి యారగించె

వింతగా తోచే ఒక పాదం ఇస్తే, దానికి అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలు రాయడమే సమస్యాపూరణం. ఈ వారం సమస్య తేటగీతి అనే ఛందస్సులో పాదం:

అతిథి వండంగ గృహపతి యారగించె

ఇంటికొచ్చినవాళ్ల చేత వండించుకుని తినడం మన దగ్గర మర్యాద కాదు. అందుకే ఇది సమస్య అయింది. ఈసారి ఒక నియమం కూడా పెట్టాను. పూరణ పరదేశంలో జరగాలి. ఇంటిల్లిపాదీ కలిసి నడుపుకునే చిన్న హోటల్లో, దారినపోయే మనిషికి అనుకోకుండా దొరికిన ఆదరణ అందులో కనపడాలి. దేశం జార్జియా అయితే మరీ సంతోషం. వైద్యం చదవడానికి మన పిల్లలు చాలామంది దాని రాజధాని టిబిలిసి వెళుతున్నారు, చూడడానికి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. అతిథిని దేవుడే పంపాడని అక్కడ సామెత. తైత్తిరీయోపనిషత్తులో "అతిథి దేవో భవ" అనే శీక్షావల్లి చదువుకున్నవాళ్లకి ఇది దగ్గరి చుట్టంలా వినిపిస్తుంది.

ఒక్క మాట. "అనుట తగునె", "అనగ జెల్లునె" అని తోక తగిలించి సమస్యను కాదనేసిన పూరణలు రెండు వచ్చాయి. ఛందస్సు బాగానే ఉంది, కానీ అది తప్పించుకోవడం. వాటిని ఇక్కడ పెట్టడం లేదు.

తెనాలి మాస్టారి పూరణ

నలుడు బాహుకుడైనట్టి నాటి కథను
తలపుమీ యయోధ్యాధీశు దరికి వచ్చి
వంటవానిగ నిలిచెను వాసిగాను
అతిథి వండంగ గృహపతి యారగించె

మాస్టారూ, నడక చక్కగా ఉంది. "తలపుమీ యయోధ్యాధీశు" అన్న చోట పాదం గంభీరంగా సాగింది. నలుడికి అయోధ్య పరాయి రాజ్యమే కాబట్టి నియమం కూడా నిలిచిందని మీరు వాదించవచ్చు. నా అభ్యంతరం వేరు. బాహుకుడు ఋతుపర్ణుడి కొలువులో జీతానికి కుదిరినవాడు, ముఖ్యంగా గుర్రాల పనికి. జీతం పుచ్చుకునేవాడు వండితే అందులో వింత లేదు, అంటే సమస్యే లేదు. పైగా "వాసిగాను" గణం నింపడానికే వచ్చింది. తీసేస్తే అర్థం ఏమీ తగ్గదు.

తెనాలి మాస్టారు: ఒప్పుకుంటున్నాను. పురాణంలోకి వెళితే దారి సులువని వెళ్లాను. ఆ హోటలు వాసన నా పద్యంలో లేదు.

డాలస్ బాబాయి గారి పూరణ

ఎడమ చేతిలో మధుపాత్ర యెసగుచుండ
కుడిని కత్తిని దాల్చిన కొండ తల్లి
పురము గావగ నచ్చోట పొయ్యి కడను
అతిథి వండంగ గృహపతి యారగించె

బాబాయి గారూ, టిబిలిసిలో సొలొలాకి కొండ మీద 1958లో నిలిపిన కార్ట్లిస్ దేడా (జార్జియా తల్లి) విగ్రహాన్ని రెండు పాదాల్లో కళ్లకు కట్టించారు. ఎత్తు 20 మీటర్లు. స్నేహంగా వచ్చినవాడికి ఎడమ చేతిలో ద్రాక్షారసం, శత్రువుకి కుడి చేతిలో కత్తి. ఆ ఊరి స్వభావమంతా ఆవిడ చేతుల్లోనే ఉంది. "కొండ తల్లి" అన్న మాట మన నోటికి ఎంత దగ్గరగా ఉందో చూడండి.

అయితే నాలుగో పాదం దగ్గరికి వచ్చేసరికి నాకు జవాబు దొరకలేదు. అతిథి పొయ్యి దాకా ఎందుకు వెళ్లాడు? ఎవరు రమ్మన్నారు? విగ్రహాన్ని ఇంత బాగా చూపించి, వంటింటి తలుపు మాత్రం తెరవలేదు. మూడో పాదంలో ఒక క్రియ మారిస్తే సరిపోయేది. మళ్లీ ప్రయత్నించండి, మీ చేతికి అది కష్టం కాదు.

టిబిలిసి విద్యార్థి పూరణ

పర్వదినమున బెంగతో బల్లకడను
కూరుచున్నట్టి నన్ గాంచి కొట్టు బామ్మ
వండు మని తన గరిటను వదలి యిచ్చె
అతిథి వండంగ గృహపతి యారగించె

విద్యార్థి: సార్, ఇది నిజంగా జరిగిందే. ఉగాది రోజు క్లాసులున్నాయి, ఇంటికి ఫోన్ చేశాక ఇంకా దిగులుగా అనిపించింది. హాస్టల్ పక్క సందులో అయిదారు బల్లలున్న చిన్న హోటల్ ఉంది. తాత, బామ్మ, వాళ్ల కోడలు నడుపుతారు. ఏమైందని బామ్మ అడిగింది. మా ఇంట్లో ఈ రోజు పులిహోర చేస్తారని ఫోన్లో బొమ్మ చూపించాను. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. చింతపండు లేదు కదా, పుల్లటి ఆలుబుఖారా పండ్లతో వాళ్లు చేసుకునే ట్కెమాలి అనే పచ్చడి అన్నంలో కలిపాను. డబ్బులు ఇవ్వబోతే తాత నా జేబులోనే పెట్టేశారు.

తమ్ముడూ, "బల్లకడను కూరుచున్నట్టి" అనడంలో నీ దిగులు ఉంది, చెప్పకుండానే తెలిసింది. ఒక లోపం మాత్రం సరిచేయాలి. మొదటి మూడు పాదాల్లో కనపడేది నువ్వూ బామ్మా, నాలుగో పాదంలో తిన్నది గృహపతి. తాతగారు ఎక్కడి నుంచి వచ్చారు? రెండో పాదం చివర "తాత" అని మార్చి, మూడో పాదంలో బామ్మకు చోటిచ్చి చూడు.

విద్యార్థి: ఇలా కుదిరింది సార్.

పర్వదినమున బెంగతో బల్లకడను
కూరుచున్నట్టి నన్ గాంచి కొట్టు తాత
వండు మనె, బామ్మ తన గంటె వదలి యిచ్చె
అతిథి వండంగ గృహపతి యారగించె

ఇప్పుడు పద్యం నిలబడింది. తాత నోటి మాట, బామ్మ చేతి గంటె, ఇద్దరూ ఒకే పాదంలో ఇమిడారు. వంట చేసేవాళ్లు తమ గంటె ఇంకొకరి చేతికి అంత సులువుగా ఇవ్వరు. "వదలి యిచ్చె" అన్నది అందుకే ఇక్కడ బరువుగా పడింది. గరిట కన్నా గంటె నయం, చెవికి కూడా.

హనుమకొండ అక్క పూరణ

కొండ యూరిలో ఖింకాలి కోరి యడుగ
పిండి ముద్దిచ్చి మడతలు పెట్టుమనుచు
నేర్పె నిల్లాలు; కూర్చుండె నింటి పెద్ద;
అతిథి వండంగ గృహపతి యారగించె

అక్కా, ముందు ఈ పద్యం వెనక సంగతి అందరికీ చెప్పండి.

అక్క: జార్జియా తూర్పున కాఖేతీ అనే ప్రాంతంలో సిగ్నాగి అని కొండ మీద ఊరు. చుట్టూ పాత కోటగోడ, కింద అలజని లోయ, ఎదురుగా కాకసస్ మంచు కొండలు. మేము మాంసం తినం. ఈస్టర్ ముందు రోజులు. భక్తిగా ఉపవాసం ఉండేవాళ్లు మాంసం, పాలు, గుడ్లు ముట్టరట. మేం మాంసం లేనిది అడిగితే ఆ ఇల్లాలి మొహం వెలిగిపోయింది. వాళ్ల ఇంటి కోసం పుట్టగొడుగుల కూర చేసుకుని ఉంచారు. అది అమ్మడానికి చేసింది కాదు. రండి, మాతోపాటే చేసుకుందురుగాని అన్నట్టు సైగ చేసి పిండి ముద్ద నా చేతిలో పెట్టింది. వంకాయ ముక్కల్లో అక్రోటు ముద్ద చుట్టి అడక్కుండానే తెచ్చి పెట్టారు. దాంట్లో వెల్లుల్లి, కొత్తిమీర, మెంతి వాసన తగిలేసరికి పరాయి ఊళ్లో ఉన్నట్టే అనిపించలేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఖింకాలి అంటే పలచగా వత్తిన పిండి మధ్యలో కూర పెట్టి, అంచులు కుచ్చిళ్లలా మడతలు వేస్తూ పైన ముడి వేసి, మరిగే నీళ్లలో ఉడికించేది. ముడి పట్టుకుని చేత్తోనే తింటారు. ముడి మాత్రం తినకుండా పళ్లెంలో వదిలేస్తారు.

విశాఖ మిత్రుడు: సార్, చిన్న సందేహం. మడతలు పెడితే వండినట్టు అవుతుందా? ఉడికించింది ఎవరు?

అక్క: మడతలే కాదు తమ్ముడూ, నీళ్లలో వేసిందీ నేనే. అడుగంటకుండా గరిటతో మెల్లగా కదపమని ఆవిడ చూపించింది. ఆయన అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఎదురు చూస్తున్నారు. మొదటి పళ్లెం ఆయనకే పెట్టాను.

సందేహం న్యాయమైనదే, జవాబూ వచ్చింది. పద్యంలో ఉడకబెట్టడం లేకపోయినా నాకు లోటు అనిపించలేదు. "నేర్పె నిల్లాలు, కూర్చుండె నింటి పెద్ద" అన్న ఒక్క పాదంతో సమస్య పూర్తిగా విడిపోయింది. ఎవరు రమ్మన్నారు, ఎవరు తినబోతున్నారు, అతిథి చేతికి పని ఎలా వచ్చింది, అన్నీ అక్కడే తేలాయి. నేను చూసినంతలో ఆ దేశపు చిన్న హోటళ్ల ఆతిథ్యం ఇలాగే ఉంటుంది. మనల్ని కుర్చీలో కూర్చోబెట్టి పూజించడం దగ్గర ఆగిపోరు, ఇంట్లో మనిషిలా పని కూడా అప్పజెబుతారు. మన పల్లెల్లో దగ్గరి బంధువు వస్తే వంటింట్లో పీట వేసి చిక్కుడుకాయలు ఈనెలు తియ్యమంటామే, అదే చనువు. "ఖింకాలి" లాంటి పరభాషా పదం తేటగీతిలో ఇంత సహజంగా కూర్చోవడం కూడా మెచ్చుకోవాలి.

విశాఖ మిత్రుడి పూరణ

ద్రాక్షకోతల వేళలో దారి తప్పి
చేరినాడొక తెలుగోడు, చేయి కలిపి
అలసి వచ్చిన వారల కన్నమిడగ
అతిథి వండంగ గృహపతి యారగించె

తెనాలి మాస్టారు: "తెలుగోడు" వ్యావహారికం. పద్యంలో తగునా?

మాస్టారూ, నాకైతే తగింది. దారి తప్పినవాడిని గ్రాంథికంలో పలకరిస్తే దూరమైపోతాడు. ర్త్‌వేలి అని సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జరిగే ద్రాక్షకోతలో ఇంటివాళ్లు, ఇరుగుపొరుగు, వచ్చిన అతిథులు అందరూ బుట్టలు పట్టుకుంటారు. ఆ రసం నేలలో పాతిన క్వెవ్రీ అనే పెద్ద మట్టిజాడీల్లోకి పోతుంది. ఆ పద్ధతిని 2013లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అంత పని జరిగే ఇంట్లో వండడం వచ్చినవాడిని ఊరికే కూర్చోబెట్టరు. కారణం బలంగా ఉంది. "చేయి కలిపి" ఎవరికి అన్వయిస్తుందో మాత్రం స్పష్టంగా లేదు. చేరినవాడికా, అలసి వచ్చినవారికా? అది తేల్చండి. మూడో పాదంలో "వారలకు అన్నము" కలవడం వల్ల యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరడం) చెల్లింది, ఎవరూ కంగారు పడనక్కర్లేదు.

ఈ వారం మొదటి స్థానం హనుమకొండ అక్కకి, రెండోది టిబిలిసి తమ్ముడి సవరించిన పద్యానికి. బాబాయి గారి కొత్త పూరణ వస్తే దాన్నీ ఇక్కడే చేరుస్తాను.

వచ్చే వారం సమస్య, ఇదీ తేటగీతే. జేబులో డబ్బు తిరిగి పెట్టేసిన ఆ తాతగారి నుంచే తట్టింది:

బిల్లు వలదన్నవాడెపో పెద్ద లోభి

శుక్రవారం రాత్రిలోగా పంపండి. గణాలు సరిచూసుకుని పంపితే నా సమయమంతా భావం మీద పెడతాను.