పైఅంతస్తులో ఏసీ మధ్యాహ్నం మూడు దాటితే గదిని చల్లబరచడం లేదు

హంద్రీ ఒడ్డువాసి, కర్నూలు:
మేము పైఅంతస్తులో అద్దెకుంటున్నాము. పడకగదిలో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీ ఉన్నది. ఉదయం బాగానే పనిచేస్తుంది కానీ, మధ్యాహ్నం మూడు దాటిన తరువాత 18కి తగ్గించినా గది 31 నుంచి కిందికి దిగడం లేదు. మెకానిక్ ఏటా ఏప్రిల్‌లో వచ్చి, గ్యాస్ తగ్గిందని చెప్పి నింపి వెళ్తున్నాడు. ఇది మూడో ఏడు. రెండో సంగతి, హాల్లో ఉన్న ఇనుప కూలర్‌ను తాకితే చేయి జివ్వుమంటున్నది. మూడోది, రాత్రి ఏడింటికి వోల్టేజీ పడిపోతున్నది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

పాలకొండల నీడ, కడప:
18కి తగ్గించడమే మొదటి పొరపాటు. మామూలు ఏసీలో ఆ అంకె కంప్రెసర్ ఎక్కడ ఆగాలో చెబుతుందే తప్ప, ఎంత వేగంగా చల్లబరచాలో చెప్పదు. స్టార్ గుర్తు ఉన్న ఏసీలు 2020 జనవరి నుంచి 24 దగ్గరే మొదలయ్యేలా వస్తున్నాయి, అది ఊరికే పెట్టిన అంకె కాదు. మా ఇంట్లో వచ్చిన చిక్కు వేరు. నిరుడు లోపలి పెట్టె నుంచి నీళ్లు నేరుగా మంచం మీద కారాయి. ఏసీనే మార్చాలని ఇద్దరు చెప్పారు. చివరకు చూస్తే, నీళ్లు పోయే గొట్టంలో పాకుడు పేరుకొని ఉన్నది. గొట్టం బయటి కొసను నోటితో గట్టిగా ఊదితే, పిడికెడు నల్లని జిగురు ఊడిపడింది.

రాగిగొట్టం, కర్నూలు:
నాకు ఈ పనిలో పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్నది. స్ప్లిట్ ఏసీలో ఏటా కొంత గ్యాస్ తగ్గడం మామూలే. కంప్రెసర్ అదురుకు గొట్టాలను కలిపే నట్లు వదులవుతాయి. మీ మెకానిక్‌ను ఊరికే అనుమానించకండి.

పాలిటెక్నిక్ మాస్టారు, అనంతపురం:
రాగిగొట్టం గారూ, బండిలో పెట్రోలు ఖర్చయినట్లు ఏసీలో గ్యాస్ ఖర్చు కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. కారే చోటు వెతకకుండా మూడేళ్లు వరుసగా నింపడమంటే, చిల్లికుండకు నీళ్లు మోయడమే.

రాగిగొట్టం, కర్నూలు:
నట్లు వదులవుతాయని నేను చెప్పిన మాట చదవకుండానే పాఠం మొదలుపెట్టారు. మే నెలలో, 43 డిగ్రీల ఎండలో, నిచ్చెన మీద నిలబడి ఒకసారి ఆ నట్టు బిగించి చూడండి. తరగతి గదిలో ఫ్యాను కింద కూర్చొని చెప్పడం సులువు.

పాలిటెక్నిక్ మాస్టారు, అనంతపురం:
మా తరగతి గదిలో ఫ్యానే లేదు. అది అలా ఉంచండి. ఎండ మీద గౌరవం ఉంది కనుకనే అడుగుతున్నాను: వదులైన నట్టు కనబడినప్పుడు దానిని బిగించి, నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేసి, వాక్యూమ్ పెట్టి, అంటే గొట్టాల్లోని గాలినంతా లాగేసి, నింపుతారా, లేక సిలిండరు తగిలించి వచ్చేస్తారా? పైగా ఇప్పటి ఏసీల్లో చాలావాటిలో ఉన్న ఆర్-32 కొంతవరకు మండే గుణం ఉన్న గ్యాస్.

రాగిగొట్టం, కర్నూలు:
ఇవన్నీ చేస్తే అయ్యే కూలి చెప్పగానే, ఇంటాయన నన్ను వదిలి ఇంకొకరిని పిలుస్తాడు. ఆ సంగతి మీ పుస్తకంలో ఉండదు.

బుడ్డల చేను, అనంతపురం జిల్లా:
మా పాత మట్టి మిద్దెలో ఈ తగాదాలేవీ లేవు. పైన జానెడు మందం చవుడు, కింద గోడలు రెండు మూరలు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల నిద్రపట్టేది. దానిని పడగొట్టి సిమెంటు కప్పు వేశాక, రాత్రి పదకొండింటికి కూడా కప్పు కింద చేయి పెడితే పొయ్యి మీది పెనంలా సెగ తగులుతున్నది.

పాలకొండల నీడ, కడప:
ఆ మిద్దెకు ఏటా చవుడు వేయించే కూలి, వానకు కారే మూలలు, తేళ్లు మాత్రం మీరు చెప్పలేదు.

బుడ్డల చేను, అనంతపురం జిల్లా:
తేళ్లు సిమెంటు ఇళ్లలోకీ వస్తాయి, అమ్మా. వాటికి ఏసీ కూడా ఉన్నది.

పాలిటెక్నిక్ మాస్టారు, అనంతపురం:
ఒడ్డువాసి గారి కష్టంలో సగం ఆ కప్పుదే. మధ్యాహ్నమంతా తాగిన ఎండను సిమెంటు కప్పు మూడింటి నుంచి కిందికి వదులుతుంది. ఇక ఏసీ టన్నుల లెక్క, అంటే చల్లబరిచే శక్తి, బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. 43 దగ్గర అదే యంత్రం అంతకన్నా తక్కువే ఇస్తుంది. కప్పుకు తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి.

తుంగభద్ర గాలి, కర్నూలు:
ఏసీ ఎందుకండీ? 42 డిగ్రీల పొడి ఎండలో మంచి కూలర్ 28, 29 దగ్గర గాలినిస్తుంది. చాలామంది తలుపులన్నీ బిగించి కూర్చొని ఉక్కగా ఉన్నదంటారు; తడిగాలి బయటికి పోవడానికి ఎదురు కిటికీ తెరవాలి. అయితే వానలు మొదలైతే నా కూలరూ పనికిరాదు, ఒప్పుకుంటాను. మా బోరు నీళ్ల ఉప్పుకు పాడ్లు రెండు నెలల్లో రాయిలా గట్టిపడతాయి.

హంద్రీ ఒడ్డువాసి, కర్నూలు:
నాలుగు రోజుల తరువాత రాస్తున్నాను. వేరే మెకానిక్‌ను పిలిచి, ముందు కారే చోటు చూపమన్నాను. సబ్బు నురగను కుంచెతో పూస్తుంటే, బయటి పెట్టె దగ్గర సన్నగొట్టం నట్టు మీద ఆవగింజంత బుడగ లేచి పగిలింది, మళ్లీ లేచింది. దొంగల భయంతో ఇంటి యజమాని ఆ పెట్టెకు రేకు తలుపు కూడా బిగించాడు, వేడిగాలి బయటికి పోయే దారే లేదు. నట్టు సరిచేసి, రేకు తీసి, సున్నం వేయించాను. నిన్న నాలుగింటికి గది 26కు వచ్చింది.

రాగిగొట్టం, కర్నూలు:
నట్టేనని నేను మొదటే చెప్పాను.

పాలిటెక్నిక్ మాస్టారు, అనంతపురం:
ఏటా గ్యాస్ తగ్గడం మామూలేనని కూడా మీరే చెప్పారు.

హంద్రీ ఒడ్డువాసి, కర్నూలు:
కూలర్ జివ్వుమనే సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

బుడ్డల చేను, అనంతపురం జిల్లా:
ఎర్త్ తీగ నేలలోకి దిగే గుంత ఎండిపోయి ఉంటుంది, రెండు బిందెల నీళ్లు పోయండి. మా ఇంట్లో ఏటా వేసవిలో అదే పని. ముందు ప్లగ్గుకు మూడో పిన్ను, అదే ఎర్త్ పిన్ను, ఉన్నదో లేదో చూడండి.

హంద్రీ ఒడ్డువాసి, కర్నూలు:
మూడో పిన్ను లేదు. పాత తీగ తెగితే రెండు పిన్నుల ప్లగ్గు తగిలించాము.

రాగిగొట్టం, కర్నూలు:
ముందు దానిని గోడ నుంచి తీసివేయండి. సాయంత్రం నాకు సందేశం పెడితే, వచ్చి మూడు తీగల కేబుల్ వేసి వెళ్తాను, కూలి వద్దు.