మైనర్ ఇల్యూషన్ కనపడగానే శత్రువులందరికీ చెక్ ఇచ్చేయాలా?

పర్లాకిమిడి విజార్డ్:
మేం ఐదుగురం ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే పాచికలు వేస్తూ పాత్రలుగా కథ నడిపే ఆట, ఐదో ఎడిషన్, 2014 పుస్తకం. మాటలు తెలుగు, మధ్యమధ్యలో ఒడియా, కథేమో మహేంద్రగిరి లాంటి కొండ మీద. నాది ఒకటో లెవెల్ విజార్డ్ (మంత్రగాడు), ఇంటెలిజెన్స్ 16. నలుగురు బందిపోట్లు తరుముకొస్తుంటే గుహ మలుపులో మైనర్ ఇల్యూషన్ అనే స్పెల్ (లేని వస్తువును ఉన్నట్టు చూపించే మంత్రం) వేసి చెక్కపెట్టె ఒకటి పుట్టించి అందులో నక్కాను. వాళ్లు మలుపు తిరిగారో లేదో మా డీఎం (ఆట నడిపేవాడు) నలుగురికీ ఇన్వెస్టిగేషన్ చెక్ (మాయను కనిపెట్టారో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచిక) వేసేశాడు. ఒకడికి 15 పడింది, వాడు "ఇది ఉత్తుత్తి పెట్టె" అని అరిచాడు, ఇంకేముంది, నలుగురూ నా మీద పడ్డారు. రూల్ ఇదేనా? ఇదే అయితే ఈ స్పెల్స్ తీసుకుని ఏం లాభం, మీరే చెప్పండి.

రాయగడ డీఎం:
కాదు తమ్ముడూ. మైనర్ ఇల్యూషన్‌లో చూసినంత మాత్రాన చెక్ రాదు. ఎవడైనా తన యాక్షన్ (తన వంతులో చేయగలిగే ముఖ్యమైన పని) ఖర్చుపెట్టి ఆ బొమ్మను పరీక్షగా చూస్తేనే ఇన్వెస్టిగేషన్, అదీ నీ స్పెల్ సేవ్ డీసీ (వాడి పాచిక అందుకోవాల్సిన అంకె) మీద. నీ డీసీ 8 + 2 (నీ లెవెల్‌కి వచ్చేది) + 3 (ఇంటెలిజెన్స్ 16కి వచ్చేది), అంటే 13. మామూలు బందిపోటుకి కలిసొచ్చేదేమీ లేదు కాబట్టి ఒక్కడికి 40 శాతం అవకాశం. కానీ నలుగురికీ ఊరికే చెక్ ఇస్తే కనీసం ఒకడైనా కనిపెట్టే అవకాశం దాదాపు 87 శాతానికి ఎక్కుతుంది, నీ స్పెల్ చచ్చింది అక్కడే. ఈ స్పెల్ బలమంతా ఆ యాక్షన్‌లోనే ఉంది. పెట్టెను పరీక్షిస్తూ కూర్చున్నవాడు ఆ రౌండ్‌లో కత్తితో కొట్టలేడు, నీ వాళ్లకు ఒక రౌండ్ మిగిలింది.

ఇంకోటి, తాకితే మాత్రం చెక్ అక్కర్లేదు. రాయి విసిరినా, చెయ్యి పెట్టినా ఆరపార వెళ్లిపోతుంది, గుట్టు తెలిసిపోతుంది.

బరంపురం పాత ఆటగాడు:
మీ డీఎం మూడో ఎడిషన్ నుంచి వచ్చినవాడేమో అడిగి చూడండి. 2000లో వచ్చిన ఆ ఎడిషన్‌లో ఇలాంటి మాయలకు విల్ సేవ్ (మనోబలంతో తట్టుకోవడానికి వేసే పాచిక) ఉండేది, నమ్మకపోతే తప్పించుకోవచ్చు. అయితే అక్కడ కూడా చూడగానే ఇచ్చేవాళ్లం కాదు, ఆ బొమ్మతో ఏదో ఒకటి చేస్తేనే సేవ్. ఐదో ఎడిషన్‌లో శత్రువు నమ్మాడా లేదా అని పాచిక వేయక్కర్లేదు. వాడికి కనపడింది పెట్టె, పెట్టెను చూసి వాడు ఏం చేస్తాడో అదే చేయించాలి.

ఇచ్ఛాపురం నుంచి:
నేను కొంచెం డీఎం వైపు మాట్లాడతాను. ఆ గుహ బందిపోట్లదే అయితే, పొద్దున లేని పెట్టె ఇప్పుడెక్కడి నుంచి వచ్చిందని అనుమానం రాదా? పొలంలో దిష్టిబొమ్మకు కాకి భయపడుతుంది గానీ, దాన్ని పాతిన రైతు భయపడడు కదా. అనుమానం వస్తే ఒకడు బాణం వేస్తాడు, అది పెట్టెలోంచి దూసుకుపోతుంది, అంతే. కానీ ఆ బాణానికీ యాక్షన్ పోతుంది, పైగా లోపల నువ్వు కనపడవు కాబట్టి డిసడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి తక్కువది తీసుకుని) వేయాలి. అంటే అప్పుడు కూడా నీకు నష్టం లేదు. కాబట్టి బొమ్మను చోటుని బట్టి ఎంచుకోవాలి. గుహలో పెట్టె కన్నా రాతి గడ్డ నయం. ఐదడుగుల ఘనంలో పట్టాలి, కదలదు, వెలుతురు ఇవ్వదు, వాసన ఉండదు. తోడేలు ఎదురైతే దానికి నీ వాసన తగులుతుంది, గబ్బిలానికైతే బ్లైండ్‌సైట్ (కళ్లతో పని లేకుండా చుట్టూ పసిగట్టే శక్తి) ఉంది, బొమ్మతో పనే లేదు.

పర్లాకిమిడి విజార్డ్:
థాంక్స్ అన్నా. మరి ఒకడు కనిపెట్టి అరిస్తే మిగతా ముగ్గురికీ తెలిసిపోయినట్టేనా?

రాయగడ డీఎం:
కనిపెట్టినవాడికే అది పలచబడి కనపడుతుంది. మిగతావాళ్ల కళ్లకు ఇంకా గట్టి పెట్టే. వాడి మాట నమ్మి బాణాలు వేయొచ్చు, దాన్ని నేను ఆపను, కానీ లోపల నువ్వు కనపడుతున్నట్టు ఆడనివ్వను. వాళ్లు కూడా యాక్షన్ పెట్టి చెక్ గెలవాలి, లేదంటే ఏదైనా ఆరపార వెళ్లడం చూడాలి. కొన్ని టేబుల్స్‌లో చెబితే చాలు అంటారు, పుస్తకంలో ఇంత వివరంగా లేదు, అందుకే ఆటకు ముందే డీఎంతో తేల్చుకో, మధ్యలో కాదు.

మూడో లెవెల్‌కి వచ్చాక ఫాంటాస్మల్ ఫోర్స్ చూడు. అది రెండో లెవెల్ స్పెల్, ఒక్కడి బుర్రలోనే నడుస్తుంది, ముందే ఇంటెలిజెన్స్ సేవ్ ఉంటుంది. ఓడిపోతే, లేని వంతెన మీద అడుగేసి కింద పడినా ఎవరో తోశారనో గాలికి జారాననో తనకు తానే కారణం చెప్పుకుంటాడు, అనుమానించడు. ఇంటెలిజెన్స్ 5 ఉన్న ఓగర్ (మొద్దు రాక్షసుడు) మీద వేసి చూడు. మైనర్ ఇల్యూషన్‌కి కాన్సెంట్రేషన్ (స్పెల్ మీదే మనసు నిలిపి ఉంచడం) అక్కర్లేదు గానీ దీనికి కావాలి, దెబ్బ తగిలితే పోవచ్చు, అందుకని ముందు వరుసలో నిలబడకు.