వ్యోమగాముల కళ్లను బి విటమిన్ మాత్రలు కాపాడతాయా? తెలిసినవాళ్లు చెప్పండి

నమస్తే అండీ, మాది హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్. మా పాప తొమ్మిదో తరగతి, సైన్స్ ఫెయిర్‌కి ఈ టాపిక్ తీసుకుంది. రబ్బరు బంతిని వెనకవైపు బొటనవేలితో నొక్కిపట్టి, "నెలల తరబడి అంతరిక్షంలో ఉంటే కొందరికి కనుగుడ్డు వెనక ఇలా చదునవుతుంది నాన్నా, కంటి నరం దగ్గర వాపు వస్తుంది, దగ్గరివి మసకగా కనిపిస్తాయి" అని చూపించింది. చూపు మారిన వ్యోమగాముల రక్తంలో హోమోసిస్టీన్ (ఒక రకం అమైనో ఆమ్లం) ఎక్కువుందని నాసా పరిశోధకులు 2012లో రాశారు. దాన్ని తగ్గించేవి ఫోలేట్ (బి9), బి6, బి12 విటమిన్లు కదా, మరి ఆ మాత్రలు ముందునుంచే వేసుకుంటే వాపు ఆగుతుందా, లేక ఈ విటమిన్లను ఒంట్లో వాడుకోవడానికి సంబంధించిన జన్యువుల్లో తేడా ఉన్నవాళ్లకే ఉపయోగమా? ఇంట్లో అందరూ క్యారెట్, విటమిన్ ఎ అంటున్నారు, నాకైతే ఇది వేరే సంగతి అనిపిస్తోంది. కంటి డాక్టర్లు, న్యూట్రిషన్ చదివినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి, శనివారంలోపు చార్టు రాయాలి, తప్పు రాస్తుందేమోనని నాకే టెన్షన్‌గా ఉంది.